మస్టరు పట్టీలో లేని మృతులు

యుద్ధ శ్మశానాలను చూసివచ్చి మనవాళ్ళు రాసే యాత్రాకథనాలలో ఒక వాక్యం తరచు కనిపిస్తుంది. మృత్యువు ముందు అందరూ సమానులేనట! సమంగా కోసిన పచ్చిక, వరస తప్పని ఫలకాలు, ప్రతి ఫలకం పక్కన ఒక పూలమొక్క చూసేసరికి రచయిత మనసు మెత్తబడుతుంది, కలం వేదాంతంలోకి జారుతుంది. వేదాంతం మనకు చౌకగా దొరికే సరుకు గనుక పాఠకుడు కూడా తల ఊపి పేజీ తిప్పేస్తాడు.

ఆ వాక్యం అబద్ధమని చెప్పడానికే ఈ వ్యాసం. మృత్యువు సంగతి ఎలా ఉన్నా, సైనిక శ్మశానం ముందు మనుషులు సమానులు కారు. ఏదో ఒక ప్రభుత్వపు పట్టీలో పేరున్నవానికి అక్కడ చోటుంటుంది, పేరు లేనివానికి ఉండదు. ఈ పద్ధతిని ఎవరు నిలబెట్టారో, దానికి ఎవరెవరు తల ఊపారో, అందులో మన తెలుగు కూలీ ఏమయ్యాడో విచారించవలసి ఉన్నది.

ముందు జర్మనీ సంగతి చూద్దాం. గెలిచినవాడు తన మృతులకు స్తంభాలెత్తడంలో వింత లేదు. ఓడిపోయి, లోకమంతటి అసహ్యాన్ని మూటగట్టుకున్న రాజ్యం కూడా తన సైనికుల సమాధులను పరాయి గడ్డమీద ఎంత శ్రద్ధగా చూసుకోగలదో తెలిస్తే, మిగిలిన రాజ్యాల అశ్రద్ధకు అసలు విలువ కట్టవచ్చు.

1919 డిసెంబరు 16న జర్మనీలో యుద్ధసమాధుల సంరక్షణకు ఒక ప్రజాసంఘం ఏర్పడింది. క్లుప్తంగా ఫోల్క్స్‌బుండ్ అంటారు. చందాలు పోగుచేసి పరదేశాలలో పడివున్న తమ సైనికుల గోరీలను చూసుకోవడం దాని పని. 1954లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఈ బాధ్యతను అధికారికంగా దానికే అప్పగించింది. ఇవాళ 46 దేశాలలో 800 పైచిలుకు శ్మశానాలు, సుమారు 28 లక్షల మంది మృతులు దాని సంరక్షణలో ఉన్నారు. ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది, మిగతాది సభ్యత్వాలూ విరాళాలూ. ఏటా సైనికులూ బడిపిల్లలూ డబ్బాలు పట్టుకుని వీథుల్లో చందాలు వసూలు చేస్తారు. 1953 నుంచి యువజన శిబిరాలు నడుస్తున్నాయి. తాతల శత్రువుల మనవలూ తమ మనవలూ కలిసి ఆ రాళ్ళు కడుగుతారు. 1990 తరువాత తూర్పు ఐరోపా తలుపులు తెరుచుకోగానే ఒక్కొక్క ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకున్నారు, రష్యాతో 1992లో. పొలాల్లో, అడవుల్లో, ఊళ్ళ పెరళ్ళలో తవ్వి తొమ్మిది లక్షలకు పైగా మృతుల అవశేషాలను వెలికితీసి మళ్ళీ ఖననం చేశారు. మన కవులు ఏ స్టాలిన్‌గ్రాడ్ వీరగాథను పాడారో, ఆ నగరానికి దగ్గరలో రొసోష్కా అనే చోట ఆ నగరాన్ని కాల్చడానికి వెళ్ళిన సైనికులకు కూడా పేర్లతో శ్మశానం ఉన్నది.

ఈ పనిని కేవలం ఎగతాళి చేసి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. కొడుకు ఎక్కడ పడ్డాడో తెలియని తల్లి ఏ దేశంలోనైనా తల్లే. అయితే ఈ పచ్చికను శాంతికి పర్యాయపదంగా చదవమంటే మాత్రం ఒప్పుకోలేము. బెల్జియంలోని లాంగెమార్క్‌నే తీసుకోండి. అక్కడ 44 వేల మందికి పైగా జర్మన్ సైనికులున్నారు, ఒక్క గోతిలోనే దాదాపు 25 వేల మంది. 1914 నవంబరులో విద్యార్థి వలంటీర్లు దేశభక్తి గీతం పాడుకుంటూ తుపాకులకు ఎదురువెళ్ళారని ఒక కథ పుట్టించారు. రెండు దశాబ్దాలపాటు ఆ కథను జర్మన్ యువకులకు నూరిపోశారు. 1932లో శ్మశానం ప్రారంభమయింది, 1933లో హిట్లర్ గద్దె ఎక్కాడు. 1934లో సంతాపదినం పేరు మార్చి వీరస్మరణ దినం చేశారు. 1940 జూన్‌లో హిట్లర్ బెల్జియాన్ని ఆక్రమించి విజేతగా వచ్చి ఆ శ్మశానాన్నే దర్శించాడు. ఒక తరం సమాధులమీద కూర్చోబెట్టి మరొక తరాన్ని సమాధులకు తయారుచేశారన్నమాట.

ఫ్రాన్సులో నార్మండీ తీరాన లా కాంబ్ అనే శ్మశానం ఉన్నది. 1961లో ప్రారంభించారు. 21 వేల మందికి పైగా అక్కడ ఖననమయి ఉన్నారు. వారిలో డీక్‌మన్ అనే ఎస్సెస్ అధికారి ఒకడు. 1944 జూన్ 10న ఓరదూర్ గ్రామంలో ఆడవాళ్ళనూ పిల్లలనూ చర్చిలో పెట్టి తగలబెట్టి, మగవాళ్ళను కొట్టాలలో కాల్చి, ఆరువందల పైచిలుకు జనాన్ని చంపిన దళానికి నాయకుడు వాడే. ఆ నెల తిరక్కుండానే యుద్ధంలో చచ్చాడు. వానికీ రాయి ఉంది, పేరుంది, పచ్చిక ఉంది. 1985 మే 5న జర్మనీలోనే బిట్‌బుర్గ్ శ్మశానానికి అమెరికా అధ్యక్షుడు రీగన్ పూలదండ తీసుకుపోయాడు. ఆ శ్మశానంలో ఎస్సెస్ సైనికుల గోరీలు 49 ఉన్నాయని లోకం గోలపెట్టినా ఆగలేదు. సమాధులమీద చేతులు కలపడం అనే నినాదం వెనుక ఎవరి నేరం పూడిపోతున్నదో అడగడం కుసంస్కారం కాదు. అదే సమయంలో మరొక లెక్క కూడా చూడాలి. జర్మన్ నిర్బంధంలో ఆకలికీ చలికీ తుపాకీకీ చచ్చిన సోవియట్ ఖైదీలు సుమారు 33 లక్షల మంది. వారిలో అత్యధికులకు దక్కింది సామూహిక గోతులు. చంపినవాని పేరు రాతిమీద నిలిచింది, చచ్చినవాని పేరు నిలవలేదు.

నాజీల సంగతి ఇట్లా ఉండగా, నాగరికతకు కాపలాదారునని చెప్పుకున్న బ్రిటిష్ సామ్రాజ్యం ఏం చేసిందో చూడండి. 1917 మే 21న రాజశాసనంతో సామ్రాజ్య యుద్ధసమాధుల కమిషను పుట్టింది. 1960లో దాని పేరులో సామ్రాజ్యం పోయి కామన్వెల్తు వచ్చింది. భారతదేశం నేటికీ అందులో సభ్యప్రభుత్వం. హోదా, జాతి, మతం అనే భేదం లేకుండా ప్రతి మృతునికీ ఒకే తీరు గౌరవం అన్నది దాని మూలసూత్రం. వినడానికి ఎంత సొంపుగా ఉన్నది! ఐరోపాలో చాలావరకు పాటించారు కూడా. ఫ్రాన్సులో న్యూవ్ షపెల్ వద్ద 1927లో కట్టిన స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. తెల్లవాళ్ళ కళ్ళెదుట సమానత్వం అమలయింది. మధ్యధరా సముద్రం దాటగానే సూత్రం అలిసిపోయింది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ సైన్యంలో అధికారుల పేర్లు చెక్కారు. సాధారణ సిపాయిలను దళంవారీగా అంకెలు వేసి ఊరుకున్నారు. గోల్డ్‌కోస్టు గవర్నరు గగ్గిస్‌బర్గ్ 1923లో, అక్కడి నల్లవానికి సమాధిరాయి అర్థం కాదు, దాని విలువ తెలియదు అని అభిప్రాయపడ్డాడు. ఆ పెద్దమనిషి ఎవరినైనా అడిగి చెప్పాడా అని మనం అడగనక్కరలేదు.

ఇవి నేను అక్కసుతో పోగుచేసిన ఆరోపణలు కావు. 2021 ఏప్రిల్‌లో కమిషను తానే నివేదిక ప్రకటించి ఒప్పుకున్నది. మొదటి ప్రపంచయుద్ధంలో చచ్చిన ఆసియా, ఆఫ్రికా వాసులలో 45 నుంచి 54 వేల మందిని తెల్లవారితో సమానంగా స్మరించలేదు. మరి 1,16,000 మందికి తక్కువ కాకుండా, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో స్మరించలేదు, లేదా అసలే స్మరించలేదు. వీరిలో బరువులు మోసిన కూలీలు ఎందరో ఉన్నారు. బ్రిటిష్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నూరేళ్ళకు.

ఆ నివేదిక మొదటి యుద్ధం గురించి. రెండవ యుద్ధం గురించి ఇట్లాంటి విచారణ జరిగితే మన తెలుగువారికి నేరుగా సంబంధించిన ఒక స్థలం దగ్గర ఆగక తప్పదు. థాయిలాండులో కాంచనబురి అది.

విజయవాడ–కాజీపేట మార్గం మీది మా గార్ల స్టేషనులో నిలబడితే పట్టాల కింద స్లీపర్లు కనబడతాయి. సయాం–బర్మా రైలుమార్గం గురించి, స్లీపరుకొక ప్రాణం అనే మాట వాడుకలో ఉన్నది. ఆ ప్రాణాలు ఎవరివన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమయింది. బర్మాలోని తన సైన్యానికి సముద్రం మీదుగా సరఫరా పంపడం ప్రమాదమని తేలాక, థాయిలాండులో బాన్ పోంగ్ నుంచి బర్మాలో తాన్బ్యుజయత్ దాకా, కొండలూ అడవులూ కోసుకుంటూ 415 కిలోమీటర్ల రైలుదారి వేయించడానికి జపాను పూనుకున్నది. 1942 మధ్యలో పని మొదలై 1943 అక్టోబరు 17న రెండువైపుల పట్టాలు కలిశాయి. పని చేసినవారు 60 వేల మందికి పైగా మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు, రెండు లక్షలకు పైబడిన ఆసియా కూలీలు. బర్మీయులు, జావావాసులు, చీనీయులు, మలైలు, మలయా రబ్బరు తోటల తమిళులు, తెలుగువాళ్ళు. మలయా నుంచి తోలుకుపోయినవారే 75 వేల మందికి తక్కువ కారు. కమిషను లెక్క ప్రకారమే ఖైదీలలో సుమారు 13 వేల మంది, పౌరులలో 80 వేల నుంచి లక్ష మంది చనిపోయారు. అంటే ఎనిమిది చావులలో ఏడు కూలీలవి.

ఈ తెలుగువాళ్ళు అక్కడికి ఎట్లా చేరారు? శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల కరువుకు తట్టుకోలేక రంగం వెళ్ళినవాళ్ళు కొందరు, మలయా వెళ్ళినవాళ్ళు కొందరు. కంగాణీ ఊళ్ళోకి వచ్చి, అక్కడ అన్నం దొరుకుతుందని చెప్పి, బాకీ మెడకు తగిలించి ఓడ ఎక్కించేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీ వలసను నిలిపివేసేవరకు ఇదే తంతు. తోటలో తెల్లవారకముందే వరసలో నిలబెట్టి పేరు పిలిచేవారు. ఆ హాజరు పుస్తకాన్ని చెక్‌రోల్ అంటారు. రబ్బరు పాలు గీసే లెక్కకు ప్రతి కూలీ పేరూ ఉన్నది. జపాను వచ్చాక తెల్లదొర పారిపోయాడు లేదా ఖైదయ్యాడు. పుస్తకం తోటలోనే ఉన్నది. మూడు నెలల పనే, కూలి బాగా ఇస్తామని నమ్మించి కొందరిని, వల వేసి పట్టి మరికొందరిని రైలు పెట్టెల్లో కుక్కి సయాం తోలారు. ఆలుబిడ్డలతో వెళ్ళినవారూ ఉన్నారు. జపాను వాళ్ళు ఈ కూలీలను రోముషా అన్నారు. తెలంగాణ పాఠకునికి ఆ మాటకు వేరే వివరణ అవసరం లేదు. వెట్టి అంటే చాలు. జాగీరు గ్రామాల్లో దొర గడీకి కట్టెలు మోసిన వెట్టికీ దీనికీ ఒకటే తేడా. ఇక్కడివాడు సాయంత్రానికి తన గుడిసెకు వచ్చి పడుకునేవాడు.

1943 వానాకాలంలో కలరా వచ్చింది. మా వైపు గత్తర అంటారు. ఖైదీల శిబిరాలలో మందులు లేకపోయినా డాక్టర్లు ఉన్నారు. డన్‌లప్ అనే ఆస్ట్రేలియా శస్త్రవైద్యుని పేరు లోకమంతా తెలుసు. నీళ్ళు కాచి తాగాలని శాసించే అధికారులున్నారు, ఎవరు ఎప్పుడు పోయారో, ఎక్కడ పూడ్చారో కాగితం ముక్కలమీద రాసి దాచినవారున్నారు. కూలీల శిబిరాలలో డాక్టరు లేడు, అధికారి లేడు, సంఘం లేదు. ఒకే అడవిలో, ఒకే వానలో, ఒకే జపాను కర్ర కింద పనిచేసిన ఇద్దరిలో ఒకడు అయిదుగురిలో ఒకడుగా, రెండవవాడు ముగ్గురిలో ఒకడుగా, కొన్ని శిబిరాలలో అంతకు మించి, రాలిపోవడానికి కారణం శరీరబలం కాదు. సంఘటిత శ్రమకూ అసంఘటిత శ్రమకూ ఉన్న తేడా చావులో కూడా అట్లా పనిచేసింది.

యుద్ధం ముగిసింది. 1945 శరత్కాలంలో కమిషను తరఫున ఒక బృందం ఆ దారి పొడుగునా తిరిగి ఖైదీల గోరీలను వెతికింది. దాచిన కాగితాలు అప్పుడు అక్కరకు వచ్చాయి. చెదురుమదురుగా ఉన్న అవశేషాలను తెచ్చి మూడు శ్మశానాలలో చేర్చారు. కాంచనబురిలో కామన్వెల్తు సైనికులు 5,084 మంది, డచ్చివారు 1,896 మంది. దగ్గరలోనే ఉన్న చుంగ్‌కైలో 1,426, 313. బర్మావైపు తాన్బ్యుజయత్‌లో 3,149, 621. అమెరికా తనవాళ్ళ అవశేషాలను స్వదేశానికి తీసుకుపోయింది. కాంచనబురి శ్మశానం ఊరి నడుమ రైలు స్టేషనుకు దగ్గరలో ఉన్నది. తక్కువ ఎత్తు దిమ్మెల మీద కంచు ఫలకాలు, వాటిమీద పేరు, దళం, వయసు, ఇంటివాళ్ళు చెప్పి రాయించుకున్న ఒక మాట. తోటమాలులు ప్రతిరోజూ పచ్చిక కోస్తారు, మొక్కలు మారుస్తారు. ఉష్ణదేశపు వానకు ఫలకం నల్లబడితే శుభ్రం చేస్తారు. ఈ పని శ్రద్ధగా చేస్తున్నారు. ఆ తోటమాలుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అక్కడ రెండు విషయాలు మాత్రం గమనించండి. కలరాతో చచ్చి దహనమయిన 300 మంది ఖైదీల బూడిద రెండు గోరీలలో ఉన్నది. శరీరం లేకపోయినా వారి పేర్లు పలకలమీద చెక్కి మంటపంలో పెట్టారు. ప్రవేశద్వారం దగ్గర మరొక చిన్న స్మారకం ఉన్నది. థాయిలాండులో వేరు వేరు ముస్లిం శ్మశానాలలో ఖననమై, గోరీలు నిలబెట్టడం సాధ్యంకాని అవిభక్త భారత సైనికులు 11 మంది పేర్లు దానిమీద ఉన్నాయి. పదకొండు మందిని మరవలేదు. సంతోషం! నిజాం ప్రభుత్వపు 1వ హైదరాబాదు పదాతిదళం 1941 డిసెంబరులో కోతా భారు విమానాశ్రయానికి కాపలా కాసింది. తుపాకి పట్టి పోయినవాని పేరు కోసం సింగపూరు క్రాంజీలో 24 వేల పైచిలుకు పేర్ల స్మారకం ఉన్నది. గడ్డపార పట్టి పోయినవాని కోసం ఏమున్నది?

వీళ్ళకు సమాధులు లేకపోవడాన్ని సమర్థించే వాదనలు మూడు వినబడుతుంటాయి. కమిషను శాసనం సైనికులకే పరిమితం, కూలీలు పౌరులు, కనుక దాని పరిధిలోకి రారు అన్నది మొదటిది. ఈ వాదనలో పస లేదు. 1941లో అదే కమిషనుకు శత్రువు చేతిలో చచ్చిన పౌరుల పేర్లు నమోదు చేసే అధికారం ఇచ్చారు. సుమారు 67 వేల పేర్ల పుస్తకాలు లండనులో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెట్టారు. ప్రధానంగా బాంబుదాడులలో పోయిన బ్రిటను వాసులవి. జపాను నిర్బంధ శిబిరాలలో పోయిన తెల్ల పౌరులు కూడా అందులో ఉన్నారు. అంటే పౌరుడు అన్న మాట అడ్డం రాలేదు. లండను గృహిణికి సాగిన శాసనం, లండను కంపెనీ వాటాదారుల కోసం రబ్బరు గీసిన కూలీ దగ్గరికి వచ్చేసరికి పొట్టిదయింది.

హిందువులు దహనం చేస్తారు గదా, వాళ్ళకు గోరీ ఎందుకని రెండవ వాదన. దీన్ని మనవాళ్ళే ఎక్కువగా అంటారు. దహనమయిన 300 మంది సంగతి పైన చెప్పాను. ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర కొండమీద 1921లో కట్టిన ఛత్రి ఉన్నది. అక్కడ దహనమయిన హిందూ, సిక్కు సైనికులు 53 మంది పేర్లను 2010లో, తొంభై ఏళ్ళ తరువాత అయినా, రాతిమీద చెక్కారు. పైగా ఆ అడవిలో కూలీలకు శాస్త్రోక్తంగా చితి పేర్చినవాళ్ళెవరు? గోతుల్లో వేసి మన్ను కప్పారు. 1990లో కాంచనబురిలో అట్లాంటి సామూహిక సమాధి ఒకటి బయటపడింది, వందల మంది ఎముకలతో.

మూడవది సౌమ్యుల వాదన. పాత పగలు ఎందుకు తవ్వడం, జపాను ఇప్పుడు మిత్రదేశం గదా అంటారు. లెక్క అడగడం పగ కాదు. విచిత్రమేమంటే, కూలీలను చంపినవాళ్ళే వాళ్ళను అందరికంటె ముందు స్మరించారు. 1944లో జపాను సైన్యం ఆ వంతెన దగ్గర స్మారకస్తంభం కట్టి, రైలుపనిలో చచ్చినవారికి నివాళి అంటూ పలు భాషలలో ఫలకాలు పెట్టింది. వాటిలో తమిళం కూడా ఉన్నది. తెలుగువాళ్ళను ఆ తమిళంలోనే కలిపివేశారనుకోవాలి. హంతకుని నివాళిని మెచ్చుకోమని నేను అనను. కాని కూలీ భాషలో ఒక రాయి అవసరమని హంతకునికి తోచింది, రక్షకునికి తోచలేదు.

లోకానికి ఈ రైలుదారి తెలిసింది సినిమా వల్ల. పియేర్ బూల్ నవల 1952లో వచ్చింది. దాన్ని డేవిడ్ లీన్ 1957లో తెరకెక్కించాడు, సింహళంలో చిత్రీకరించాడు. ఆంగ్ల అధికారి అహంకారం, జపాను అధికారి అహంకారం, వాటి ఘర్షణ అందులో కథ. మంచి నటన, మంచి ఈల పాట. ఎనిమిదింట ఏడు పాళ్ళ మృతులకు ఆ కథలో పాత్ర లేదు. ఈ సినిమా చూసి, ఆ వంతెన మీద నిలబడి ఫొటో తీయించుకుని, శ్మశానంలో అరగంట తిరిగి, మృత్యువు సమవర్తి అని రాస్తున్నాడు మన తెలుగు యాత్రికుడు. తన కాళ్ళ కింద తన భాష మాట్లాడినవాడు ఉన్నాడని అతనికి చెప్పినవారు లేరు.

చెప్పవలసింది ఎవరు? ఇక్కడ తప్పును బ్రిటిషువాని నెత్తిన, జపాను నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. స్వతంత్ర భారతదేశం 1951 శాన్‌ఫ్రాన్సిస్కో సంధికి వెళ్ళకుండా, 1952 జూన్ 9న జపానుతో విడిగా సంధి చేసుకున్నది. అమెరికా పెత్తనాన్ని కాదన్నందుకు ఆనాడు అభ్యుదయవాదులు సంతోషించారు, సంతోషించవలసిందే. అదే సంధిలో నష్టపరిహారం హక్కులన్నీ వదులుకున్నాము. ఇది ఆసియా సౌభ్రాతృత్వానికి నిదర్శనమని ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. ఎవరి హక్కు ఎవరు వదులుకున్నారు? పెరాక్ తోటలోని విధవరాలిని ఎవరూ అడగలేదు. ఇతరుల బాకీని మాఫీ చేసే ఉదారత్వం ఎప్పుడూ సులభమే. 2000 సంవత్సరంలో బ్రిటిష్ ప్రభుత్వం జపాను చెరలో ఉన్న తన మాజీ ఖైదీలకు, లేదా వారి విధవలకు, తలా పదివేల పౌన్లు ఇచ్చింది. పక్క గుడిసెలో చచ్చిన కూలీ విధవకు ఏ ప్రభుత్వమూ ఆ లెక్కన పైసా ఇవ్వలేదు.

జాతీయవాద చరిత్రకు కూడా కూలీ అడ్డమే. 1943 అక్టోబరు 17న పట్టాలు కలిశాయి, 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వ ప్రకటన జరిగింది. నాలుగు రోజుల తేడా. ఆ సైన్యంలో చేరిన తోట కూలీల త్యాగాన్ని నేను తక్కువ చేయను. రైలుదారి వాళ్ళు వేయించింది కాదు. కాని జపాను సహాయంతో విముక్తి అనే కథలో జపాను చేతిలో చచ్చిన వేలాది భారతీయులను ఎక్కడ నిలబెట్టాలో చరిత్రకారునికి తెలియక పక్కన పెట్టేశాడు. మిత్రరాజ్యాల కథలో వాడు సైనికుడు కాడు, జాతీయ కథలో వాడు వీరుడు కాడు.

మరి మన కథలో? 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. సరిగ్గా ఆ నెలల్లోనే తెలుగు కూలీలు సయాం అడవిలో కట్టలు పోస్తున్నారు. ఆనాడు వార్త రావడానికి దారి లేదు, సరే. తరువాత వచ్చింది. ఐరోపాలో ఫాసిజాన్ని గుర్తుపట్టడానికి మనకు ఆట్టే సేపు పట్టలేదు. ఫాసిజం చేతిలో తెలుగువాడు వేల సంఖ్యలో చచ్చిన చోటును మాత్రం మన సాహిత్య చరిత్రలు దాటిపోయాయి. నేను కళాశాలలో చెప్పే ఆధునిక సాహిత్యపు పాఠ్యప్రణాళికలో రెండవ ప్రపంచయుద్ధం అనే శీర్షిక ఉన్నది. దాని కింద కాంచనబురి అన్న మాట లేదు. పరీక్షలో ఎవరూ అడగరు గనుక విద్యార్థులూ అడగరు.

రాయి పెట్టడం మనకు తెలియని విద్య కాదు. ఆలమందల కోసం పోరాడి పడినవానికి కూడా వీరగల్లు నిలిపిన ఊళ్ళు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. ఇంకా దగ్గరి చరిత్ర కావాలంటే, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడ్డాడు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరిమీద పడి చంపారు. ఆ పేర్లు నిలిచింది ఏ కమిషను దయవల్లా కాదు. ఆ ఊళ్ళ జనమూ, వారి పార్టీలూ ఇటుక ఇటుక పేర్చి స్తూపాలు కట్టుకున్నారు. సున్నం పోయిన స్తూపాలను చూసి నవ్వే పట్నవాసులున్నారు. సున్నం మళ్ళీ వేసుకోవచ్చు. కాంచనబురిలో కూడా చివరకు జరిగింది ఇదే. 2023లో మలేషియా తమిళులు పూనుకుని, అక్కడి తావోర్న్ వరారామ్ బౌద్ధాలయం ఆవరణలో కూలీల కోసం ఒక నడుకల్ నిలిపారు. నడుకల్ అంటే మన వీరగల్లే. ఎనభై ఏళ్ళ తరువాత.

ఆ రాతి పక్కన తెలుగు అక్షరం కావాలని అడగడం నా కోరికలో చిన్న భాగం. పెద్ద భాగం పేర్లు. పేర్లు లేవనే మాటను నమ్మకండి. మద్రాసు రేవులో ఓడ ఎక్కించిన ప్రతి కూలీనీ వలస అధికారులు రిజిస్టరులో రాశారు. ఇంటిపేరు, ఊరు, తాలూకా రాశారు. తోటలో చెక్‌రోల్ రాశారు. 1922 చట్టం కింద కౌలాలంపూరులో భారత ప్రభుత్వ ఏజెంటు కూర్చుని ఏటేటా నివేదికలు పంపాడు. జర్మన్ సంఘం రష్యా అడవిలో ఎముక చూసి మనిషిని పోల్చుకుంటున్న రోజుల్లో, చెన్నైలో, ఢిల్లీలో, కౌలాలంపూరులో మిగిలివున్న ఈ కాగితాలను పక్కపక్కన పెట్టి చదివే పని మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకూ చరిత్ర శాఖలకూ శక్తికి మించినది కాదు. రంగం, మలయా వెళ్ళి తిరిగిరాని మేనమామ గురించి శ్రీకాకుళం పల్లెలలోనూ, సయాం పోయిన తండ్రి గురించి పెరాక్‌లోని బాగన్ దాతో తెలుగు ఇళ్ళలోనూ చెప్పగలవాళ్ళు ఇంకా కొందరు మిగిలివున్నారు. 1943లో ఒడిలో ఉన్న బిడ్డకు ఇప్పుడు ఎనభై దాటాయి.